న్యూజెర్సీలో తుపాకీ ఉంచుకోవాలంటే: కాగితం నుంచి పెట్టె దాకా

ఎడిసన్, ఇసెలిన్ చుట్టుపక్కల మనవాళ్ళ ఇంట్లో దొంగలు పడి బంగారం ఎత్తుకెళ్ళారన్న కబురు వాట్సాప్‌లో తిరిగిందంటే చాలు, ఆ వారమంతా నాకు ఫోన్లే. "అన్నా, నీ దగ్గర గన్ ఉందిగా, ఎలా తీసుకున్నావ్?" ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పీ చెప్పీ నోరు నొప్పెట్టింది. అందుకే అంతా ఒకచోట రాస్తున్నా.

అన్నిటికన్నా ముందు ఒక్క మాట బుర్రలో పెట్టుకోండి. న్యూజెర్సీలో చట్టం తిరగేసి రాసి ఉంటుంది. క్యారీ పర్మిట్ (ఒంటి మీద పెట్టుకుని తిరిగే అనుమతి) లేకుండా హ్యాండ్‌గన్ (పిస్టల్, రివాల్వర్ లాంటిది) దగ్గర ఉండటమే నేరం అని రాష్ట్ర క్రిమినల్ కోడ్‌లోని 2సీ:39-5 సెక్షన్ మొదటే చెప్పేస్తుంది. ఆ తర్వాత 39-6లో మినహాయింపులు వస్తాయి: మీ ఇల్లు, మీ వ్యాపార స్థలం, మీ సొంత భూమి, షూటింగ్ రేంజ్, కొన్న షాపు, రిపేరు షాపు, వీటి మధ్య దారి. ఈ గిరి లోపల ఉన్నంతసేపే మీరు ఓనరు. దాటితే ముద్దాయి. అది సెకండ్ డిగ్రీ నేరం, 5 నుంచి 10 ఏళ్ళ శిక్ష. తుపాకీ నేరాలకి తప్పనిసరి జైలు విధించే గ్రేవ్స్ యాక్ట్ కింద అందులో కనీసం 42 నెలలు పెరోల్ ఊసే ఉండదు.

2013లో ఫిలడెల్ఫియాకు చెందిన ఒక తల్లిని అట్లాంటిక్ కౌంటీలో ట్రాఫిక్ పోలీసులు ఆపారు. ఆవిడే ముందుగా, "నా దగ్గర గన్ ఉంది, ఇదిగో పెన్సిల్వేనియా పర్మిట్" అని చెప్పింది. ఆ పర్మిట్ రెండు రాష్ట్రాల మధ్య ఉన్న డెలావేర్ నది ఇవతల చెల్లదు. అరెస్టు చేశారు. 2015లో గవర్నర్ క్షమాభిక్ష పెడితేగానీ ఆ వ్యవహారం ముగియలేదు. ఆవిడ దురుద్దేశంతో చేసిందేమీ లేదు. కానీ ఇక్కడ ఉద్దేశం ఎవరూ అడగరు.

1. మీ స్టేటస్ ఏంటో ముందు చూసుకోండి

మనవాళ్ళలో సగం మందికి ఈ వ్యాసం ఇక్కడితోనే అయిపోతుంది.

హెచ్1బీ, హెచ్4, ఎల్1, ఎఫ్1, బీ2: ఈ వీసాల మీద ఉన్నవాళ్ళు తుపాకీ గానీ తూటా గానీ దగ్గర ఉంచుకోకూడదని ఫెడరల్ చట్టమే చెబుతోంది. కొనడం ఒక్కటే కాదు, చేత్తో పట్టుకోవడం కూడా అందులోకే వస్తుంది. "టీమ్ ఔటింగ్‌కి రేంజ్‌కి వెళ్ళి నాలుగు రౌండ్లు కాల్చాం, ఫొటో పెట్టాం" అనే కుర్రాళ్ళని చూస్తే నాకు గుండె ఝల్లుమంటుంది. హంటింగ్ లైసెన్సు ఉన్నవాళ్ళకి ఒక మినహాయింపు ఉంది. దాన్ని నమ్ముకునే ముందు ఇమిగ్రేషన్ లాయర్ దగ్గర కూర్చుని మాట్లాడండి, స్నేహితుడి మాట మీద మాత్రం వద్దు. ఐ-140 (గ్రీన్‌కార్డు కోసం కంపెనీ పెట్టే పిటిషన్) అప్రూవ్ అయింది, ఈఏడీ (పని చేసుకునే అనుమతి కార్డు) వచ్చింది అని ధైర్యం చేయకండి.

గ్రీన్‌కార్డు ఉన్నవాళ్ళు, సిటిజన్లు కొనవచ్చు. అయితే గ్రీన్‌కార్డు వాళ్ళు గుర్తుపెట్టుకోవాల్సింది ఒకటుంది. తుపాకీకి సంబంధించిన నేరం రుజువైతే దేశం నుంచి పంపించేయడానికి అదొక్కటే సరిపోతుంది. సిటిజన్‌కి జైలుతో పోయేది మీకు ఇండియా టికెట్ దాకా వస్తుంది.

ఇంకో చిక్కు కూడా ఉంది. ఇంట్లో ఒకరు సిటిజన్, ఇంకొకరు హెచ్1బీ. లేదంటే అమ్మానాన్నలు ఆరు నెలలు ఉందామని బీ2 మీద వచ్చారు. అలాంటి ఇంట్లో సేఫ్ కోడ్ మీకు తప్ప ఇంకెవరికీ తెలియకూడదు. వాళ్ళకి కోడ్ తెలిస్తే, తీసుకోగలిగితే, వాళ్ళ దగ్గర కూడా ఉన్నట్టే అని వాదించడానికి దారి దొరుకుతుంది.

గంజాయి సంగతి కూడా ఇక్కడే చెప్పేస్తా. న్యూజెర్సీలో దుకాణంలో కొనుక్కోవచ్చు. ఫెడరల్ లెక్కలో అది ఇంకా నిషిద్ధమే, కొనేటప్పుడు నింపే 4473 ఫారంలో ఆ ప్రశ్న ఉంటుంది. అబద్ధం రాస్తే ఆ రాయడమే నేరం.

2. ఏ కాగితం దేనికి

- ఎఫ్ఐడీ కార్డు (తుపాకీ కొనేవాళ్ళ గుర్తింపు కార్డు): రైఫిల్, షాట్‌గన్ కొనడానికి. 18 ఏళ్ళు నిండాలి. ఫీజు 50 డాలర్లు. పాత కార్డుకి గడువు ఉండేది కాదు, ఇప్పుడిచ్చేది ఫొటోతో, 10 ఏళ్ళకి.
- హ్యాండ్‌గన్ పర్మిట్: ఒక పర్మిట్‌కి ఒక్క హ్యాండ్‌గనే. 21 ఏళ్ళు నిండాలి. ఒక్కోదానికి 25 డాలర్లు. 90 రోజులు చెల్లుతుంది, సరైన కారణం చూపిస్తే ఇంకో 90.
- క్యారీ పర్మిట్: ఒంటి మీద పెట్టుకుని తిరగడానికి. ఇది వేరే దరఖాస్తు, దాని సంగతి చివర్లో.

పిల్లాడికి బొమ్మలా ఉంది కదా అని పెల్లెట్ గన్, బీబీ గన్ ఆన్‌లైన్‌లో ఆర్డర్ పెట్టేవాళ్ళకి ఒక మాట. న్యూజెర్సీలో అవి కూడా తుపాకులే. పెల్లెట్ పిస్టల్‌కి హ్యాండ్‌గన్ పర్మిట్, పెల్లెట్ రైఫిల్‌కి ఎఫ్ఐడీ కార్డు కావాలి. మన ఊళ్ళో దీపావళికి రీళ్ళ తుపాకీ పేల్చినంత తేలిక కాదు.

3. దరఖాస్తుకి కూర్చునే ముందు

దరఖాస్తు అంతా ఆన్‌లైన్‌లోనే, ఫార్స్ అనే పోర్టల్‌లో. అరగంట పని. కానీ సరంజామా లేకుండా కూర్చుంటే మధ్యలో ఆగిపోతారు. ఇవి పక్కన పెట్టుకోండి:

- మీ ఊరి పోలీస్ డిపార్ట్‌మెంట్ ఓఆర్ఐ నంబర్, అంటే ఆ డిపార్ట్‌మెంట్‌ని గుర్తించే కోడ్. వాళ్ళ ఫైర్‌ఆర్మ్స్ డెస్క్‌కి ఫోన్ చేస్తే చెబుతారు. సొంత పోలీసు లేని చిన్న ఊళ్ళు స్టేట్ పోలీస్ కిందికి వస్తాయి.
- ఇప్పటి అడ్రసుతో డ్రైవింగ్ లైసెన్సు.
- గ్రీన్‌కార్డు అయితే దాని మీద ఉండే ఏ-నంబర్ (ఇమిగ్రేషన్ వాళ్ళిచ్చే నంబర్).
- ఇద్దరు రిఫరెన్సుల పేర్లు, ఫోన్లు, ఈమెయిళ్ళు. బంధువులు వద్దు. మీ బావమరిది ఎంత మంచివాడైనా పనికిరాడు.
- ఎప్పుడైనా అరెస్టయి ఉంటే, కేసు కొట్టేసినా సరే, ఆ కోర్టు కాగితాలు.
- మానసిక చికిత్స రికార్డులు వెతకడానికి మీ సమ్మతి అడుగుతారు, దానికి సిద్ధంగా ఉండండి.

పేరు దగ్గర జాగ్రత్త. మన ఇంటిపేరు పాస్‌పోర్టులో ఒకలా, లైసెన్సులో ఇంకోలా ఉండటం మామూలే. ఒకచోట "శ్రీనివాసరావు" కలిపి, ఇంకోచోట విడదీసి, మరోచోట ఇంటిపేరు ముందుకొచ్చి. దరఖాస్తులో లైసెన్సు మీద ఉన్నట్టే రాయండి. ఇతర పేర్లు అడిగే చోట మిగతా రూపాలన్నీ ఇవ్వండి. దాచినట్టు కనబడకూడదు, అంతే.

సేఫ్టీ కోర్సు కూడా ముందే పూర్తి చేయండి. 2022 చట్టాలు శిక్షణను అర్హతల్లో చేర్చాయి. చట్టం అడక్కపోయినా చేయమనే చెబుతాను. మొదటిసారి లోడు చేసిన గన్ పట్టుకున్నప్పుడు చేతి వేలు దానంతట అదే ట్రిగ్గర్ మీదికి పోతుంది. ఆ వేలిని పక్కన చాచి ఉంచడం అలవాటవడానికే ఒక పూట పడుతుంది.

4. దరఖాస్తు వరుస

మొదట ఫార్స్‌లో నింపి ఫీజు కట్టండి. ఎఫ్ఐడీ కార్డుతో పాటే ఒకటో రెండో హ్యాండ్‌గన్ పర్మిట్లు అడగండి, మళ్ళీ తిరిగే పని తప్పుతుంది. అయితే 90 రోజుల గడియారం జారీ అయిన రోజు నుంచే మొదలవుతుందని మరవకండి. ఏది కొనాలో తేల్చుకోకుండా నాలుగు పర్మిట్లు తీసుకుని వృథా చేసుకున్నవాళ్ళు నాకు తెలుసు.

తర్వాత ఐడెంటోగో అనే వేలిముద్రల సెంటర్‌లో వేలిముద్రలు. "గ్రీన్‌కార్డుకి ఇచ్చాం కదా" అంటే కుదరదు. ముద్రలు సరిగా పడక తిరిగొస్తే కంగారు పడకండి, మళ్ళీ పిలుస్తారు. వెళ్ళే ముందు రెండు మూడు రోజులు చేతులకి మాయిశ్చరైజర్ రాయండి.

ఆ తర్వాత ఆగేది రిఫరెన్సుల దగ్గరే. నా దరఖాస్తు ఐదు వారాలు కదల్లేదు. డెస్క్‌కి ఫోన్ చేస్తే, "మీ రెండో రిఫరెన్సు జవాబివ్వలేదు" అన్నారు. మా వాడిని అడిగితే, "పోలీసుల పేరుతో ఏదో లింకు వచ్చింది, స్కామ్ అనుకుని తీసేశా" అన్నాడు. తప్పు వాడిది కాదు, ముందు చెప్పనిది నేను. దరఖాస్తు పంపిన గంటలోపే ఇద్దరికీ ఫోన్ చేయండి. స్పామ్ చూడమనండి. నింపేశాక స్క్రీన్‌షాట్ పెట్టమనండి.

చట్టం ప్రకారం ఈ రాష్ట్రంలో ఉండేవాళ్ళకి 30 రోజుల్లో తేల్చాలి. చాలా ఊళ్ళలో అంతకంటే ఎక్కువే పడుతుంది. 30 దాటాక వారానికి ఒక్క ఫోన్, మర్యాదగా. తిరస్కరిస్తే కారణం రాతపూర్వకంగా ఇస్తారు. సుపీరియర్ కోర్టులో అప్పీలుకి 30 రోజులే గడువు, కాబట్టి ఉత్తరం అందిన రోజే లాయర్‌కి ఫోన్ చేయండి.

5. షాపులో

వ్యక్తి నుంచి వ్యక్తికి అమ్మకాలు కూడా లైసెన్సు ఉన్న డీలర్ ద్వారానే జరగాలి. స్నేహితుడు ఊరు మారుతూ "తీసుకో బావా" అని ఇస్తే తీసుకోకండి.

4473 ఫారం నింపేటప్పుడు అడ్రసు లైసెన్సులో, ఎఫ్ఐడీలో, ఫారంలో ఒకటే ఉండాలి. మనవాళ్ళు అపార్ట్‌మెంట్ నుంచి టౌన్‌హౌస్‌కి, అక్కడి నుంచి సింగిల్ ఫ్యామిలీకి మారుతూనే ఉంటారు, కార్డు మాత్రం పాత అడ్రసులోనే ఉండిపోతుంది. షాపుకి వెళ్ళాక చూసుకుంటే వెనక్కి రావాల్సిందే. తర్వాత నిక్స్ చెక్, అంటే కొనేవాళ్ళ మీద ఎఫ్‌బీఐ చేసే నేపథ్య తనిఖీ. గంటలు పట్టొచ్చు, ఒక్కోసారి రోజులు. మన పేర్లు ఒకదానికొకటి దగ్గరగా ఉండి ఇంకెవరితోనో కలిసిపోతుంటాయి. ప్రతిసారీ ఇలాగే ఆగుతుంటే ఎఫ్‌బీఐ వాలంటరీ అప్పీల్ ఫైల్‌కి (ఆ పేరు మీరు కాదని ముందే నమోదు చేసుకునేది) దరఖాస్తు పెట్టుకోండి.

కొనేముందు చూడాల్సినవి:

- మ్యాగజీన్‌లో (గన్‌లోకి తూటాలు అందించే డబ్బాలో) 10 రౌండ్లకు మించి పట్టకూడదు. 2018 చట్టం 15 నుంచి 10కి దించింది.
- నిషేధిత జాబితాలోని అసాల్ట్ ఫైర్‌ఆర్మ్ కాకూడదు. ఏఆర్ తరహా రైఫిల్ కావాలంటే న్యూజెర్సీకి తగ్గట్టు మార్చినది డీలర్ దగ్గరే అడగండి. యూట్యూబ్ చూసి ఇంట్లో విడి భాగాలు బిగించకండి.
- సైలెన్సర్ ఊసెత్తొద్దు.
- హ్యాండ్‌గన్‌తో ట్రిగ్గర్ లాక్ గానీ తాళం పెట్టె గానీ ఇవ్వాలి. ఇచ్చారో లేదో చూసుకోండి.

మ్యాగజీన్ల మీద, అసాల్ట్ ఫైర్‌ఆర్మ్‌ల మీద కోర్టుల్లో కేసులు నడుస్తున్నాయి. డబ్బు కట్టే రోజున స్టేట్ పోలీస్ వెబ్‌సైట్ ఒకసారి తెరిచి చూడండి.

6. ఇంట్లో

సేఫ్ గన్ కంటే ముందు రావాలి. నేలకో గోడకో బోల్టు వేయండి, లేకపోతే దొంగ బంగారంతో పాటు దాన్నీ ఎత్తుకెళతాడు. బంగారం, గన్ ఒకే సేఫ్‌లో పెట్టకండి. పండక్కీ పెళ్ళికీ నగలు తీయడానికి ఇంట్లో అందరికీ కోడ్ తెలుస్తుంది. అక్కడితో ఒకటో భాగంలో కోడ్ గురించి చెప్పిందంతా గాలికిపోతుంది. పిల్లల చేతికి అందేలా లోడు చేసిన గన్ వదిలేస్తే అదే ఒక నేరం.

తూటాలు వేరే తాళంలో పెట్టండి. హ్యాండ్‌గన్ తూటాలు కొనాలంటే ఎఫ్ఐడీ చూపించాలి. హాలో పాయింట్ తూటాలు (ముందు భాగం బోలుగా ఉండి, తగిలాక విచ్చుకునేవి) కొనొచ్చు, ఇంట్లో ఉంచుకోవచ్చు, రేంజ్‌కి తీసుకెళ్ళొచ్చు. ఇంకెక్కడా కూడదు.

గన్ పోయినా, ఎవరైనా ఎత్తుకుపోయినా, తెలిసిన 36 గంటల్లోపు పోలీసులకు చెప్పాలి. సీరియల్ నంబర్ల ఫొటోలు, రసీదులు సేఫ్‌లో కాకుండా మరోచోట ఒక కాపీ ఉంచండి. సేఫే పోతే నంబర్ ఎక్కడి నుంచి చెబుతారు?

ఇంట్లో గొడవలు ముదిరి రెస్ట్రయినింగ్ ఆర్డర్ దాకా వెళితే గన్‌లు, కార్డు, పర్మిట్లు పోలీసులు తీసుకుపోతారు. 2019 సెప్టెంబర్ 1 నుంచి ప్రమాదం ఉందని కుటుంబసభ్యులు కోర్టుకి చెప్పినా గన్‌లు తీసేసుకునే ఆర్డర్ ఇవ్వొచ్చు. ఇంట్లో ఎవరి మనసైనా బాగోలేని రోజులుంటే చట్టం వచ్చేదాకా ఆగకండి, గన్ బయటికి పంపే దారి డీలర్‌తో మాట్లాడి చూసుకోండి.

7. కారులో: ఎక్కువమంది తప్పు చేసేది ఇక్కడే

చట్టం కోరేది ఇది: గన్ ఖాళీగా ఉండాలి. మూసి బిగించిన పెట్టెలోనో, గన్ బాక్సులోనో, గట్టిగా కట్టిన ప్యాకేజీలోనో, తాళం వేసిన డిక్కీలోనో ఉండాలి. ఇందులో ఏదో ఒకటి చాలు. నేను మాత్రం అన్నీ చేస్తాను.

రేంజ్‌కి బయల్దేరే రోజు నా వరుస ఇది. బల్ల మీద మ్యాగజీన్ తీస్తాను. స్లైడ్ లాగి, ఛాంబర్‌లోకి కళ్ళతో చూస్తాను, చిటికెన వేలు పెట్టి తడుముతాను. మళ్ళీ ఇంకోసారి. గన్ గట్టి పెట్టెలో, తాళం. తూటాలు వేరే డబ్బాలో. రెండూ డిక్కీలో. ఎస్‌యూవీకి విడి డిక్కీ ఉండదు కాబట్టి వెనక చివర, తాళం వేసిన పెట్టెలో. గ్లవ్ బాక్సులో గానీ కన్సోల్‌లో గానీ ఎప్పుడూ కాదు. ఎఫ్ఐడీ కార్డు పర్సులో.

దారి నేరుగా ఉండాలి. తప్పనిసరి మళ్ళింపులే ఒప్పు. పెట్రోలు పోయించుకోవడం, బాత్రూముకి ఆగడం వేరు. రేంజ్ నుంచి వస్తూ ఇండియన్ షాపులుండే ఓక్ ట్రీ రోడ్డులో ఆగి, కూరగాయలు కొని, దోసె తిని, ఎవరింట్లోనో సత్యనారాయణ వ్రతం ప్రసాదం తీసుకుని రావడం వేరు. డిక్కీలో గన్ ఉన్నప్పుడు ముందు ఇంటికి వెళ్ళి సేఫ్‌లో పెట్టండి, ఆ తర్వాత దోసె.

పక్క రాష్ట్రాలు:

- పెన్సిల్వేనియా, న్యూయార్క్ పర్మిట్లు ఇక్కడ చెల్లవు, మనవి అక్కడ చెల్లవు.
- న్యూయార్క్ సిటీలోకి గన్‌తో అడుగే పెట్టకండి.
- రాష్ట్రాలు దాటేవాళ్ళకి ఫెడరల్ రక్షణ ఉంది: బయల్దేరే చోట, చేరే చోట రెండింటా చట్టబద్ధమై ఉండాలి, గన్ ఖాళీగా ఉండాలి, చేతికి అందని చోట ఉండాలి. ప్రయాణం మధ్యలో తెగితే ఆ రక్షణా తెగుతుంది.

ఆ తెగడం ఎలా ఉంటుందంటే, 2005లో యూటా నుంచి వస్తున్న ఒకాయన విమానం ఆలస్యమై నెవార్క్‌లో చిక్కుకున్నాడు. గన్ ఉన్న చెక్-ఇన్ బ్యాగు చేతికొచ్చింది, హోటల్‌కి తీసుకెళ్ళాడు. మర్నాడు ఎయిర్‌పోర్టుకొచ్చి నిజాయితీగా గన్ ఉందని చెబితే అరెస్టు. తర్వాత కేసు ఎత్తేశారు. కానీ రాత్రి బ్యాగు ఆయన చేతిలో ఉంది కాబట్టి ఫెడరల్ రక్షణ వర్తించదని అప్పీలు కోర్టు 2010లో తేల్చింది. నెవార్క్‌లో చిక్కుకుంటే ఆ బ్యాగు చేతిలోకి తీసుకోకండి. ఎయిర్‌లైన్స్ దగ్గరే ఉంచమని అడగండి.

పోలీసు ఆపితే చేతులు స్టీరింగ్ మీద ఉంచండి. లైసెన్సు ఎక్కడుందో చెప్పి, ఆ తర్వాతే తీయండి. "డిక్కీ తెరుస్తారా?" అంటే "సార్, వెతకడానికి నేను ఒప్పుకోవడం లేదు" అనే హక్కు మీకుంది. వాదనకి మాత్రం దిగకండి.

8. డాలస్ నుంచో అట్లాంటా నుంచో మకాం మార్చేవాళ్ళకి

ప్రాజెక్టు మారి వచ్చే కుర్రాళ్ళు చేసే తప్పు ఎప్పుడూ ఒకటే. గ్లాక్ 17 పిస్టల్‌తో పాటు వచ్చిన 17 రౌండ్ల మ్యాగజీన్లు సామాన్లలో కట్టుకుని వచ్చేస్తారు. ఇక్కడ అవి నేరం. సరిహద్దు దాటకముందే అమ్మేయండి, లేదా అక్కడే వదిలేయండి. 10 రౌండ్లవి కొనుక్కుని రండి. వచ్చిన 60 రోజుల్లో ఎఫ్ఐడీకి దరఖాస్తు పెట్టాలి, తెచ్చిన గన్‌లు నమోదు చేయించాలి. యూ-హాల్ ట్రక్కులో వంటసామాను మధ్య గన్ పెట్టి ముందు సీట్లో తూటాలు పెట్టుకున్న మహానుభావుడు ఒకడున్నాడు. పేరు చెప్పను.

9. క్యారీ పర్మిట్

2022 జూన్‌లో అమెరికా సుప్రీంకోర్టు తీర్పు తర్వాత "ప్రత్యేక అవసరం" చూపించే నిబంధన పోయింది. ఇప్పుడు నలుగురు రిఫరెన్సులు, రేంజ్‌లో క్వాలిఫికేషన్ (గురి పరీక్ష), 200 డాలర్లు కావాలి. రెండేళ్ళకు చెల్లుతుంది. గ్యాస్ స్టేషనో లిక్కర్ షాపో నడిపేవాళ్ళు అడిగితే నేనొకటి గుర్తుచేస్తాను: మీ షాపు లోపల ఉంచుకోవడానికి క్యారీ పర్మిట్ అక్కర్లేదు, అది మీ వ్యాపార స్థలం కాబట్టి. ఉద్యోగికి ఆ మినహాయింపు ఉందనుకుని గన్ కౌంటర్ కింద పెట్టేసి ఇంటికెళ్ళకండి.

క్యారీ ఉన్నా స్కూళ్ళు, కోర్టులు, బార్లు లాంటి చాలా చోట్ల నిషేధమే. హాలో పాయింట్ తూటాలు క్యారీకి కుదరవు. ముందు భాగం పాలిమర్‌తో నింపిన వాటిని స్టేట్ పోలీస్ ఆ లెక్కలో వేయదు. పోలీసు ఆపితే మాత్రం, గన్ ఉందని మీరే చెప్పాలి.

10. ఇండియా ప్రయాణానికి ముందు

రేంజ్ బ్యాగుని ప్రయాణాల బ్యాగుగా వాడకండి. తిరుగు ప్రయాణంలో శంషాబాద్ ఎయిర్‌పోర్టు స్కానర్ కింద పక్క జేబులోంచి ఒక్క తూటా కనబడినా ఆయుధాల చట్టం కింద కేసు అవుతుంది. "మర్చిపోయాను సార్" అన్నా విమానం వెళ్ళిపోతుంది.

- రేంజ్ బ్యాగుకి రంగు వేరే ఉండాలి, అది గరాజ్ దాటి బెడ్‌రూమ్‌లోకి రాకూడదు.
- రేంజ్‌కి వేసుకెళ్ళిన జాకెట్, కార్గో ప్యాంటు జేబులు ప్రయాణానికి సర్దే ముందు తిరగేయండి.
- కాల్చేసిన ఖాళీ తొడుగు కూడా వద్దు. జ్ఞాపకంగా ఉంటుందని కీచెయిన్‌కి తగిలించుకున్నదైనా సరే.
- ఏ బ్యాగు విషయంలోనైనా అనుమానం ఉంటే, తెల్ల దుప్పటి పరిచి దాని మీద తలకిందులు చేసి దులపండి. లైనింగ్ చిరిగిన చోట వేలు పెట్టి తడమండి. నాకు ఒకసారి .22 తూటా అక్కడే దొరికింది.